కందిపప్పు గోదాములో బీరమ్మ

1997 ఆగస్టులో పట్టిన ముసురు పది రోజులైనా వదల్లేదు. సంగారెడ్డి ధాన్యాల గంజ్‌లో బద్రీనాథ్ సేటు పప్పుల దుకాణానిది పాతకాలపు పెంకుల కప్పు. అది మూడు చోట్ల కారడం మొదలుపెట్టింది. కారే నీళ్లు సరాసరి అటక మీద పడుతున్నాయి. ఆ అటక మీద ఏముందో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. సేటు భార్య ప్రభావతి కొంగు నడుముకు దోపుకుని నిచ్చెనెక్కింది.

"పైన తేళ్లుంటయి ప్రభా, దిగు! కాలో చెయ్యో ఇరిగితే వండిపెట్టెటోళ్లెవరు?" అని కింద నుంచి బద్రీనాథ్ అరిచాడు.

"నా కాలు గురించి కాదు, మీ అన్నం గురించి మీ రంది," అంది ప్రభావతి చీకట్లో చేతులతో తడుముతూ.

తేళ్లు దొరకలేదు. ఒక ఇనప పెట్టె దొరికింది. దాంట్లో దోసె పెనమంత గుండ్రటి పల్చని డబ్బాలు ఏడున్నాయి. ఒకదాని మూత గోటితో లేపితే పులిసిన చింతపండు వాసన గుప్పున కొట్టింది. లోపల నల్లటి రిబ్బను చుట్టలు చుట్టుకుని ఉంది. ఆమె జానెడు రిబ్బను లాగి కింద వెలుగుతున్న బల్బుకు అడ్డంగా పెట్టి చూసింది. గోరంత బొమ్మలు, ఒకదాని కింద ఒకటి. ప్రతి బొమ్మలోనూ కుచ్చు వేలాడే రూమీ టోపీ పెట్టుకున్న మనిషి సైకిలు తొక్కుతున్నాడు. ప్రభావతికి ఎందుకో కడుపులోంచి నవ్వొచ్చింది. నిచ్చెన మీదే ఊగుతూ నవ్వింది.

"ఏందే, తేలు కుట్టిందా?"

"చిన్నమామ దొరికిండు!" అంది ఆమె.

చిన్నమామ అంటే బద్రీనాథ్ చిన్నాయన కిషన్‌రావు. గల్లాపెట్టె ముందు ఒక్క పూట కూర్చున్న పాపాన పోలేదు, పెళ్లి చేసుకోలేదు. సికింద్రాబాదు నుంచి దేశం విడిచి పోతున్న ఒక దొర దగ్గర సినిమా తీసే కెమెరా కొని, దాన్ని మెడలో వేసుకుని ఊళ్లమ్మట తిరిగేవాడట. తీసిన రీళ్లను హైదరాబాదులో కడిగించి తెచ్చేవాడు గానీ, అప్పట్లో ఇంటికి కరెంటే లేదు. వాటిని ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆయన పోయి ముప్పై ఆరేళ్లయింది. ఇంట్లో ఎవరైనా పని మానేసి తిరిగితే ఇప్పటికీ "కిషన్‌రావు పూనిండు" అనేవాళ్లు. ప్రభావతి కాపురానికి వచ్చేనాటికే ఆయన లేడు. అయినా ఆ తిట్టు విన్నప్పుడల్లా ఆమెకు ఆ మనిషి మీద ఎందుకో ఇష్టం కలిగేది.

"పాత సామానోడొస్తే ఇచ్చెయ్. కంపు కొడుతున్నయి," అన్నాడు బద్రీనాథ్.

"ఒక్కసారన్న సూడకుంట ఇస్తనా?"

బయట గంజ్ అంతా కాగితపు జెండాలు కట్టి ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లని రేడియోలో రోజూ ఒకటే ముచ్చట. ఎక్కడెక్కడి ఊరేగింపులో, ఎవరెవరి ఉపన్యాసాలో. ప్రభావతి మిరపకాయల తొడిమలు తీస్తూ వింటుంటే ఒక ఆలోచన వచ్చి కూర్చుంది. ఆ రోజుల్లో మన దగ్గర ఎట్లుండెనో ఈ డబ్బాల్లో ఉండొచ్చు గదా! ఇక ఆమె కాలు నిలవలేదు.

రీళ్లు ఆడించే మిషను ఎవరి దగ్గరుందని కరెంటు సామాన్ల దుకాణంలో అడిగితే సోమయ్య పేరు చెప్పారు. ఒకప్పుడు సర్కారు ప్రచార వ్యాన్‌లో ఊరూరా తిరిగి సినిమాలు వేసిన మనిషి. రిటైరయ్యాక గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు.

ముప్పై ఏళ్ల కాపురంలో ప్రభావతి ఒంటరిగా బస్సెక్కడం అదే మొదలు. పటాన్‌చెరు దాకా బస్సు, అక్కడి నుంచి పదకొండు మందిని కుక్కిన ఆటో. ఒళ్లో గోనెసంచి, సంచిలో ఒక డబ్బా. పక్కనున్న ఆడకూతురు "అక్కా, ఏం వాసనే అది?" అని ముక్కు మూసుకుంటే, "మా చిన్నమామ," అని చెప్పి తనే పకపకా నవ్వేసింది.

సోమయ్య గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఖాకీ చొక్కా, తెల్ల మీసాలు. డబ్బా చూడగానే లేచి నిలబడ్డాడు. మూత మీద వెలిసిపోయిన ఉర్దూ రాతను వేలితో తుడిచి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. ఆయనది నిజాం కాలపు ఉర్దూ చదువు.

"కంది ఊరు. ఓట్లు. పందొమ్మిది వందల యాభై రెండు," అన్నాడు. "అమ్మా, దేశంల పడ్డ మొట్టమొదటి ఓట్లు గవి. ఎవలు తీసిండ్రు గిది?"

"మా ఇంట్ల పనికిరాడని పేరు పడ్డాయన. అన్నా, నీ దగ్గర మిషనుందా?"

"సర్కారు వేలమేస్తుంటే సూడలేక నేనే తెచ్చుకున్న. మంచం కింద పెట్టుకుని రోజూ తుడుస్త. బెల్టు తెగింది గని, బల్బు ఒకటి దూదిల సుట్టి దాసిపెట్టిన."

"ఎసుంటి బెల్టు?"

సోమయ్య చేత్తో మందం చూపించాడు. ప్రభావతి చప్పట్లు కొట్టింది. "కుట్టుమిషను బెల్టు పట్టదా?"

పట్టింది. శనివారం మధ్యాహ్నం గంజ్ వెనక కందిపప్పు గోదాములో షట్టర్లన్నీ దించేశారు. బస్తా మీద బస్తా పెట్టి, దాని మీద మిషను ఎక్కించారు. ఎదుటి గోడకు బద్రీనాథ్ పెళ్లి నాటి తెల్ల ధోవతి కట్టారు. పప్పు చెరుగుతున్న ఆడవాళ్లు నలుగురు చీకట్లో పని సాగక, చేటలు ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయారు. బస్తాలు మోసే హమాలీలు గోడవారగా చేరారు. బద్రీనాథ్ చేతులు కట్టుకుని, తనకేం సంబంధం లేనట్టు తలుపు దగ్గర నిలబడ్డాడు.

మిషను టకటకలాడింది. ధోవతి మీద వెలుగు పడింది. ఆ వెలుగులోంచి సంగారెడ్డి నడిచి వచ్చింది.

నడిచి కాదు, పరుగెత్తి వచ్చింది. మిషను వేగం తగ్గించే మీట పట్టేసి ఉండటంతో తెర మీద అందరూ చీమల్లా గబగబా పోతున్నారు. సైకిలు టోపీ మనిషి రివ్వున దూసుకుపోయాడు. బొగ్గుతో నడిచే బస్సు పొగ కక్కుతూ వచ్చి ఆగింది. దాంట్లోంచి మనుషులు, మేకలు, మంచాలు దిగాయి. మంగలి ఒకాయన చెట్టు కింద గిరాకీకి గడ్డం గీస్తూ కెమెరాను చూసి మీసం మెలేసుకున్నాడు. సగం గడ్డంతో ఉన్న గిరాకీ కూడా మెలేశాడు. గోదాము గొల్లుమంది.

"గదే మన గంజ్! ఒక్క తీగ లేదు, ఒక్క బోర్డు లేదు," అన్నాడు బద్రీనాథ్. ఎప్పుడొచ్చాడో, ఆయన మిషను పక్కనే ఉన్నాడు. "ఆగు, ఆగు, గాయన మా తాత! మా తాతనే! సూడు ప్రభా, కెమెరా మీదికి పుల్ల ఇసురుతుండు!"

నిజంగానే తెర మీద ఒక లావుపాటి పెద్దాయన దుకాణం మెట్ల మీద నిలబడి కెమెరా వైపు చీపురుపుల్ల విసిరాడు. కెమెరా ఒక్క ఊపు ఊగింది. కిషన్‌రావు నవ్వుతూ తీశాడని ఆ ఊపులోనే తెలుస్తోంది. ప్రభావతికి కళ్లలో నీళ్లు తిరిగేంత నవ్వొచ్చింది.

తర్వాత సోమయ్య కంది డబ్బా తీసి ఎక్కించాడు.

బడి ముందు పందిరి. పందిరి కింద బల్ల. బల్ల వెనక కళ్లద్దాల ఆఫీసరు, ముందర కాయితాల దొంతర. మగవాళ్ల వరస ఒకటి, ఆడవాళ్ల వరస ఒకటి. జాతరకు వచ్చినట్టే అందరూ ఉన్నంతలో కొత్త బట్టలు కట్టుకున్నారు. ఆడవాళ్ల వరసలో ఒకామె ముందుకొచ్చింది. ఇరవై అయిదేళ్లుంటాయేమో. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలు. కొంగు పట్టుకుని ఆరేళ్ల పిల్ల. ఆఫీసరు తలెత్తి ఏదో అడిగాడు. ఆమె ఏదో చెప్పింది. చెప్పి, కెమెరా వైపు తిరిగి, పళ్లన్నీ కనిపించేలా నవ్వింది. అంతలోనే బొమ్మ మారిపోయింది.

"ఆపుండ్రి!" అని చీకట్లో ఒక కేక. చేట కిందపడి పప్పు జలజలా రాలింది. "ఆపుండ్రి! గది మా అవ్వ!"

కేక పెట్టింది ఆగమ్మ. కంది నుంచి రోజూ వచ్చి పదేళ్లుగా ఆ గోదాములో పప్పు చెరుగుతోంది. మాటలు తక్కువ మనిషి.

సోమయ్య మిషను ఆపాడు. లైటు వేశారు. ఆగమ్మ తన తల్లి కనిపించిన తెర దాకా పోయి ఖాళీ ధోవతిని అరచేత్తో తడుముతోంది.

"నాకు ఎనిమిదేండ్లప్పుడు పోయింది మా అవ్వ. ఫోటువ లేదు, ఏం లేదు. మొఖం గూడ యాదికి లేకుండె. గా మూడు సుక్కలు యాదున్నయి."

"బీరమ్మనే!" అన్నాడు గోడవారగా ఉన్న ముసలి హమాలీ పెద్దరాములు. ఆయనదీ కందే. డెబ్బై దాటాయి. "నేను ఆ దినం మొగోళ్ల లైన్ల ఉన్న. ఆగమ్మా, కొంగు పట్టుకున్న పోరి నువ్వే బిడ్డా!"

"మల్లొక్కసారి ఏయవా అన్నా?" అని ప్రభావతి సోమయ్యను అడిగింది.

వేశాడు. మళ్లీ వేశాడు. మూడోసారికి రీలు అంచు పటుక్కున చిట్లింది. సోమయ్య తల అడ్డంగా ఊపాడు.

"పాత రీలమ్మా, ఎనక్కి సుట్టినప్పుడల్లా ఇరుగుతది. ఒక్క బొమ్మ మీద ఆపి సూపిద్దామంటే బల్బు వేడికి కాలిపోతది. నిండ పది సెకండ్లు గూడ లేదు ఆమె."

ఆగమ్మ ధోవతి అంచు వదల్లేదు.

సోమయ్య మీసం దువ్వుకున్నాడు. "ఒక ఉపాయం ఉంది. గా ముక్క కోసి, ఈ కొస ఆ కొసకు అతికిస్తే గుండ్రంగ గాజు లెక్కయితది. మిషనుల అదే తిరిగి తిరిగి వస్తది. సూసినంతసేపు సూడొచ్చు. గని కొయ్యాలె."

"కోస్తవా?" అన్నాడు బద్రీనాథ్ కంగారుగా. "చిన్నాయన గంత కష్టపడి తీసింది!"

మొన్న పాత సామానోడికి ఇచ్చెయ్యమన్న మనిషి ఆయనే. ప్రభావతి మొగుడి మొహం చూసింది. ఆ కంగారు ఆమెకు ముద్దొచ్చింది.

"డబ్బల పెట్టి అటకెక్కించెతందుకు తీసిండా ఆయన? ఇట్ల ఒకరు సూసి లేచి నిలబడాల్నని తీసిండు. కొయ్యన్నా," అంది.

సోమయ్య బ్లేడు తీశాడు. అతికించే మందు రాసి, రెండు వేళ్ల మధ్య నొక్కిపట్టి, పెదవులు కదుపుతూ అరవై దాకా లెక్కపెట్టాడు. గాజు తయారైంది. అయితే అది మిషను వెనక రెండు మూరలు వేలాడుతోంది. దాన్ని బిగువుగా పట్టి ఉంచేందుకు ఏదైనా నున్నటి గుండ్రటి కర్ర కావాలి. ప్రభావతి ఇంట్లోకి పరుగెత్తి చపాతీ కర్ర తెచ్చి బద్రీనాథ్ చేతుల్లో పెట్టింది.

"నేనా?"

"మీరే. రెండు చేతులతోని పట్టుకోండ్రి. కదిలిండ్రో, బీరమ్మ కదుల్తది."

గంజ్‌లో నలుగురి పంచాయితీలు తీర్చే బద్రీనాథ్ సేటు చపాతీ కర్రను దేవుడి హారతి పళ్లెంలా పట్టుకుని నిలబడ్డాడు. రిబ్బను ఆ కర్ర మీదుగా గలగలా తిరగడం మొదలుపెట్టింది.

బీరమ్మ వచ్చింది. ఆఫీసరు తలెత్తి అడిగాడు. చెప్పింది, నవ్వింది. మళ్లీ వచ్చింది. ఆగమ్మ తెరకు మూరెడు దూరంలో కింద కూర్చుని గడ్డం పైకెత్తి చూస్తోంది. యాభై ఒక్కేళ్ల కూతురు, పాతికేళ్ల తల్లి. ఆమె నవ్వినప్పుడల్లా ఈమె నవ్వుతోంది. ఒకే వంకర పన్ను ఇద్దరికీ.

"ఏమంటుంది మామా మా అవ్వ?" అని ఆగమ్మ పెద్దరాములును అడిగింది.

"ఆఫీసరు పేరడిగిండు బిడ్డా. అప్పట్ల ఆడోళ్లకు పేరెక్కడిది? సాయిలు పెండ్లాం, యాదన్న అవ్వ, గంతే. సిగ్గుపడి ఎనకున్నోళ్లతోని చెప్పిస్తున్నరు. మీ అవ్వకు గట్ల నచ్చలే. ఓటు నాది, పేరు గూడ నాదే రాయాలె అన్నది. గింత గట్టిగ చెప్పింది పేరు, నాకు మొగోళ్ల లైన్ల ఇనబడ్డది! మీ నాయిన తల దించుకుండు, మేమంత నవ్వినం."

"సూడుండ్రి, పెదవులు సూడుండ్రి!" అంది ప్రభావతి. "రెండుసార్లు కలుస్తున్నయి. బీ... మ్మ!"

మళ్లీ తిరిగింది రిబ్బను. ఈసారి గోదాము అంతా ఆమె పెదవులతో పాటు అంది. "బీరమ్మ!" సరిగ్గా కుదిరింది. నలభై అయిదేళ్లుగా మూగగా ఉన్న మనిషికి గొంతొచ్చినట్టయింది. ఆగమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్లీ "బీరమ్మ!" మళ్లీ "బీరమ్మ!" పప్పు చెరిగే ఆడవాళ్లు చేటల మీద తాళం వేశారు. ఆ లొల్లికి ఏం జరిగిందోనని గంజ్‌లోని జనం పక్కతలుపు తోసుకుని రాసాగారు. కూరగాయలమ్మే పోశమ్మ, పక్క దుకాణం అన్నపూర్ణ, ఇంకా ఎవరెవరో.

విషయం తెలిశాక పోశమ్మ చేసిన పనితో అసలు సంబరం మొదలైంది. ఆఫీసరు తలెత్తి అడిగీ అడగగానే, బీరమ్మ కంటే ముందే ఆమె లేచి అరిచింది. "పోశమ్మ!"

గోదాము పగిలేలా నవ్వులు. మరుసటి చుట్టుకు "అన్నపూర్ణ!" ఆ తర్వాత ఇంకొకామె. ఆఫీసరు పాపం అలుపు లేకుండా అడుగుతూనే ఉన్నాడు, వీళ్లు వరసలో నిలబడి చెబుతూనే ఉన్నారు. పేరు చెప్పినవాళ్లు నవ్వాపుకోలేక బస్తాల మీద పడుతున్నారు. ఒక ముసలామె తన వంతు రాగానే పేరు మరిచిపోయి, "ఆగు సారూ, యాది చేసుకుంటున్న!" అని తెరను బతిమాలితే సోమయ్య నవ్వలేక మిషను పట్టుకుని కూలబడ్డాడు.

ప్రభావతి వంతు వచ్చింది. గంజ్‌లో ఆమెను అందరూ సేటమ్మ అనేవాళ్లే. కొంగు సర్దుకుని లేచింది. ఆఫీసరు తలెత్తాడు.

"ప్రభావతి!" అని అరిచింది. గొంతు చీరుకుపోయింది.

"కర్ర సేటూ, కర్ర!" అని హమాలీలు కేకలేశారు. బద్రీనాథ్ భార్యనే చూస్తూ కర్ర దించేశాడు. బీరమ్మ తెర మీద ఒక్క గంతేసి, మళ్లీ నిలబడి నవ్వింది.

గంటసేపటికి బల్బు వేడెక్కిందని సోమయ్య ఆపేశాడు. మరుసటి వారం గాజులోంచి రెండు బొమ్మలు తీయించి, స్టూడియోలో పెద్దవి చేయించింది ప్రభావతి. ఒకటి బీరమ్మ పేరు చెబుతున్నది, ఒకటి నవ్వుతున్నది. ఆగమ్మ నవ్వుతున్నది తీసుకుంది. రెండోది ఎవరికిద్దామని ప్రభావతి ఆలోచించేలోపే పెద్దరాములు మొహమాటపడుతూ వచ్చి, "సేటమ్మా... అదే, ప్రభావతమ్మా, అది మా కంది బడికియ్యండ్రి. ఆ పందిరి ఏసింది ఆ బడి ముందట్నే," అన్నాడు.

వార్త ఊళ్లకు పాకింది. వెలిమెల నుంచి ఒక ట్రాక్టరు నిండా జనం వచ్చి, మా ఊరి రీలు లేదా అని డబ్బాలన్నీ వెతికించారు. అయిదో డబ్బాలో వాళ్ల పీర్ల పండుగ దొరికింది. ఆ రోజు గోదాములో పట్టలేనంత మంది రావడంతో బద్రీనాథ్ తనే చొక్కా విప్పి బస్తాలు పక్కకు లాగాడు. తాత పుల్ల విసిరే రీలు మాత్రం అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చూపించేవాడు. కిషన్‌రావు పూనిండు అని ఎవరో అంటే, "పూనిండు, మంచిగనే పూనిండు," అన్నాడు.

దసరా ముందు ఒక ఆదివారం సోమయ్య పట్టుబట్టి ప్రభావతినీ బద్రీనాథ్‌నూ ఆగమ్మతో సహా గడ్డపోతారం పిలిపించాడు. సెలవు పూట ఫ్యాక్టరీ క్యాంటీను కిటికీలకు గోనెపట్టాలు కట్టి రీళ్లు వేశాడు. చూసేవాళ్లలో సగం మంది బిహారు, ఒరిస్సాల నుంచి వచ్చిన కుర్ర కార్మికులే. వీళ్లకు మన ముచ్చట ఏం పడుతుందని ప్రభావతి లోలోపల బెదిరింది. రిబ్బను గాజు ఎక్కించి, సోమయ్య హిందీలో కథంతా చెప్పాడు. బీరమ్మ వచ్చి పేరు చెప్పి నవ్వింది.

ముందు వరసలో ఒక బిహారీ యువకుడు లేచి నిలబడ్డాడు. "హమారీ నానీ భీ ఐసే హీ గయీ థీ వోట్ డాల్‌నే!" అన్నాడు. వాళ్ల అమ్మమ్మ కూడా ఇట్లాగే ఓటెయ్యడానికి పోయిందట.

"నానీ కా నామ్ క్యా హై?" అని ఆగమ్మ అడిగింది. గంజ్‌లో ఉండి ఆ మాత్రం హిందీ ఆమెకూ పట్టుబడింది.

అతనికి తెలియదు. నానీ అనే తప్ప వేరే పేరుతో ఆమెను ఎవరూ పిలవగా వినలేదట. పక్కవాళ్లు నవ్వబోయి, తమ అమ్మమ్మల పేర్లు గుర్తు చేసుకోబోయి, వాళ్లూ చల్లబడ్డారు. అతను చెప్పులు కూడా వేసుకోకుండా గేటు బయట ఎస్టీడీ ఫోను బూత్‌కు పరుగెత్తాడు.

సోమయ్య మిషను ఆపలేదు. బద్రీనాథ్ కర్ర దించలేదు. బీరమ్మ ముప్పైసార్లో నలభైసార్లో పేరు చెప్పి ఉంటుంది. అప్పుడు తలుపు భళ్లున తెరుచుకుంది. రొప్పుతూ, తడిసిన కాళ్లతో, చేతులు రెండూ పైకెత్తి అతను లోపలికొచ్చాడు.

"సుగియా దేవీ!" అని అరిచాడు. "మేరీ నానీ కా నామ్ సుగియా దేవీ హై!"

క్యాంటీను అంతా లేచి నిలబడి ఆ పేరును చప్పట్లతో, ఈలలతో అందుకుంది. ప్రభావతి అందరికంటే గట్టిగా అరిచింది. వెనక నుంచి అప్పటికే నలుగురైదుగురు చిల్లర కోసం జేబులు తడుముకుంటూ బూత్ వైపు పరుగు తీస్తున్నారు.